అరువు రాయబారులు

చెంగల్వకు లోకంలో అన్నిటికన్నా భయం ఒక్కటే. ఎక్కడికైనా వెళ్ళి తిరిగొచ్చేసరికి కన్నబిడ్డ తనను పరాయిమనిషిని చూసినట్టు చూసి, మొహం తిప్పుకుని, ఇంకెవరి భుజం మీదో తల పెట్టేసుకుంటుందేమోనని. పులి ఎదురొస్తే పరిగెత్తొచ్చు. మాంత్రికుడు ఎదురొస్తే కాళ్ళ మీద పడొచ్చు. ఎనిమిది నెలల పిల్ల మరిచిపోతే ఎవరి కాళ్ళ మీద పడాలి?

ఆ పిల్ల పేరు మువ్వ. దాన్ని చూసి అప్పటికి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ చెంగల్వ కంటికి కునుకు లేదు, రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టాయి. అలాంటి ఒంటి మీద, ఆ పొద్దున, రాజుగారి దర్జీలు జలతారు అంగీ తొడిగారు. పైపెదవి మీద మేకవెంట్రుకల మీసం అతికించారు. పన్నెండు మూరల పట్టు తలపాగా చుట్టారు. నువ్వు గంధపుదీవి రాయబారివి, పేరు చందనకేతుడు, అడిగితే తప్ప నోరు విప్పకు అని చెప్పి కొలువుకూటంలోకి తోసేశారు.

ఎందుకు తోశారో తెలియాలంటే ఆ రాజ్యం సంగతి కాస్త చెప్పాలి.

శంఖవరమంటే ఒకప్పుడు మాటలు కాదు. పాలరాతి బురుజులు సముద్రంలోకి ఒంగి తమ నీడ తామే చూసుకునేవి. రేవులో తెరచాపలు కొంగలబారుల్లా వాలేవి, లేచేవి. మిరియాల ఘాటూ, కర్పూరపు చలవా, తడి తాళ్ళ వాసనా కలిసి ఊరంతా పెళ్ళిపందిరిలా ఉండేది. ఇంత వైభవానికీ మూలం ఒక చిన్న ఎర్రటి లక్కబిళ్ళ. మూట కట్టాక ముడి మీద లక్క పోసి శంఖం గుర్తు వేస్తే చాలు, తొమ్మిది దీవుల్లో ఏ రేవులోనూ ఆ మూట విప్పేవాళ్ళు కాదు. శంఖం ఉందంటే చెప్పిన సరుకే ఉంది, చెప్పినంతే ఉంది. ఆ ముద్ర కనబడితే సుంకరులు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట.

ఏటా వసంత పౌర్ణమినాడు ఆ తొమ్మిది దీవుల రాయబారులూ శంఖవరం వచ్చేవారు. కొలువులో ఒక్కొక్కరే ముందుకొచ్చి, రాజుగారి బంగారు ముద్రను తమ చేత్తో లక్క మీద నొక్కి, "మా రేవులో ఈ ముద్రకు అడ్డు లేదు" అని పైకి చెప్పాలి. అది ఆనవాయితీ. ఎనభై ఏళ్ళుగా తప్పలేదు.

ఈ ఏడాది తొమ్మిదింటిలో ఒక్క దీవి నుంచే మనిషి వచ్చాడు.

మంత్రి శల్యకీర్తికి ఈ మాట రాజుతో చెప్పే ధైర్యం లేదు. ముసలి ప్రాణం, దిగులుపడితే రాజ్యానికి అరిష్టం అని తనకు తనే సర్దిచెప్పుకుని, మిగతా ఎనిమిది మందినీ ఊళ్ళోనే అరువు తెచ్చాడు. ఒక సాలెవాడు పగడదీవి అయ్యాడు. ఒక మంగలి ముత్యాలదీవి అయ్యాడు. గానుగ ఆడించేవాడు, తోలు తిత్తులు కుట్టేవాడు, తప్పెటవాడు, ఇలా దొరికినవాళ్ళు దొరికినట్టు దీవులైపోయారు. గంధపుదీవికి కుదుర్చుకున్న వంటవాడికి ఆ పొద్దునే జ్వరం తగిలింది. కుట్టిన అంగీ ఎవరికి సరిపోతుందా అని వెతికితే ముద్రశాలలో మూటలకు లక్కముద్రలు వేసే చెంగల్వకు సరిపోయింది.

ముద్రశాలలో ఆడవాళ్ళకు ఈ గుట్టు ముందే తెలుసు. ఆ ఎనిమిది దీవుల నుంచి వచ్చినట్టు పుట్టించిన దొంగ జాబులకు ముద్రలు వేసింది వాళ్ళే. అందుకే గుట్టు తెలిసిన ప్రతి ఇంటి పసిబిడ్డనూ మూడు రోజుల కిందటే రాజభటులు వచ్చి ఎత్తుకెళ్ళారు. పండుగ పనుల్లో తల్లులకు తీరిక ఉండదు, పసివాళ్ళను రాజమందిరమే సాకుతుంది అని డప్పు వేసి మరీ చెప్పారు. ఆ సాకడంలో ఉన్న బెదిరింపు ఏ తల్లికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. చెంగల్వకు ఇంట్లో అడిగే మగదిక్కు కూడా లేదు. పెనిమిటి తెరచాపలు కుట్టే పనికి ఓడెక్కి ఏడాది కావస్తోంది. దీవుల్లో సరుకు దిగనివ్వక ఓడలన్నీ అక్కడే ఆగిపోయాయని కబురు.

కొలువుకూటం దేదీప్యమానంగా ఉంది. నూటెనిమిది స్తంభాలకు నూటెనిమిది రకాల పూలదండలు చుట్టారు. పైన నీలిపట్టు పందిరికి వెండి చుక్కలు కుట్టారు, కింద నడిచేవాళ్ళకు పట్టపగలే నక్షత్రాల కింద నడిచినట్టుంది. నడిమధ్య, ఏనుగుదంతపు సింహాసనం మీద ఇంద్రకేతు మహారాజు కూర్చున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి. కిరీటం బరువుకు మెడ కాస్త ముందుకు వాలింది. ఆయన కుడిపక్కన మంత్రి, ఎడమపక్కన ఆస్థాన మాంత్రికుడు ఉలూకభట్టు. ఉలూకభట్టు ఒళ్ళో ఒక నల్లరాతి గిన్నె, భుజం మీద బూడిదరంగు గుడ్లగూబ. ఆ గిన్నెలో నీళ్ళు పోసి మంత్రం వేస్తే సముద్రం కనబడుతుంది. అందులో ఎప్పుడు చూసినా శంఖవరపు ఓడలే, నిండా సరుకుతో, గాలి నిండిన తెరచాపలతో. మూడేళ్ళుగా రాజు చూస్తున్న సముద్రం అదే.

అరువు రాయబారులు వరసగా వచ్చారు. పగడదీవి సాలెవాడు ముద్ర మాట మరిచి, నీలిపట్టు పందిరి వేలాడే అంచును వేళ్ళతో నలిపి చూస్తూ నిలబడ్డాడు. మంత్రి దగ్గితే తెలివి తెచ్చుకున్నాడు. ముత్యాలదీవి మంగలి రాజుగారి గడ్డం వంకే చూస్తూ చెప్పాల్సిన మాట చెప్పాడు. గానుగవాడు తన దీవి పేరు మరిచిపోయి, "మా ఆ దీవిలో, ఆ రేవులో, ఈ ముద్రకు అడ్డు లేదండి" అన్నాడు. కొలువులో ఒకరిద్దరు మూతికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు. రాజు నవ్వలేదు, కోప్పడలేదు. ఒక్కొక్కళ్ళనూ చూసి తల ఊపుతున్నాడు, అంతే. వాళ్ళు నొక్కిన ముద్రలు కూడా అలాగే ఉన్నాయి. ఒకటి వంకర, ఒకటి సగం, ఒకటి లక్కతో సహా ఊడి వచ్చి ముద్రకే అతుక్కుపోయింది.

ఎనిమిదో వంతు చెంగల్వది. సేవకుడు పళ్ళెంలో వేడి లక్క పోశాడు. ఆ వాసన తగలగానే, మూడు రోజుల్లో మొదటిసారి ఆమె చేతులు తమ పని తాము గుర్తుపట్టాయి. ముద్ర అందుకుంది. నోటి దగ్గర పెట్టి "హా" అని ఊపిరి ఊదింది. లక్క మీద పెట్టి నొక్కి, వెనక వేలికణుపుతో "టక్" మని తట్టి తీసింది. శంఖం, దాని ఏడు చుట్లు, చుట్ల మీది గీతలు, అన్నీ అద్దంలా పడ్డాయి.

"మా రేవులో ఈ ముద్రకు అడ్డు లేదు" అంది, గొంతు లావు చేసి.

రాజు మొదటిసారి తల ఎత్తాడు.

చెంగల్వకు అప్పటికి గానీ తను చేసిన తప్పు తెలియలేదు. రాయబారులు ముద్రను నూనెగుడ్డతో తుడిచి వేస్తారు. లక్క అంటకుండా ఊపిరి ఆవిరి పట్టేది ముద్రశాల ఆడవాళ్ళు ఒక్కళ్ళే. రోజుకు మూడొందల ముద్రలు వేసేవాళ్ళకు నూనెగుడ్డ ఎవరిస్తారు? పదేళ్ళ వయసులో, గుణింతాలు పూర్తికాకుండానే బడి మానిపించి అమ్మ పక్కన కూర్చోబెట్టిన దగ్గర్నుంచీ ఆ ఊపిరి ఆమెకు అలవాటు. నిద్రలో కూడా ముద్ర చేతికిస్తే "హా" అంటుంది.

రాజు ఏదో అడగబోయేలోగా తొమ్మిదోవాడు ముందుకొచ్చాడు. ఇతనొక్కడే నిజం రాయబారి, ఉప్పుదీవి నుంచి వచ్చిన వరాళుడు. నడివయసువాడు, ఎడమకాలు కుంటి, ఎండకు కమిలిన మొహం. అతను ముద్ర పట్టుకోలేదు. చెంగల్వ వేసిన ఆ అందమైన శంఖం మీద చూపుడువేలి గోరు పెట్టి చిన్నగా మీటాడు. లక్క పెళుక్కున విరిగింది. లోపల్నుంచి ఎర్రటి పొడి పళ్ళెంలోకి రాలింది.

"మహారాజా, మా రేవులో ఈ ముద్రకు అడ్డు ఉంది" అన్నాడు.

మంత్రి లేచి, ఇతను శత్రువుల సొమ్ము తిన్నాడన్నాడు. ఉలూకభట్టు గిన్నె ఎత్తి చూపించి, శంఖవరపు పరపతి ఎన్నడూ లేనంత ఎత్తున ఉంది, ఓడలు లెక్కకు అందడం లేదు, కావాలంటే చూడండి అన్నాడు. రాజు ఇద్దరినీ విన్నాడు. విని, మెల్లగా లేచి, ఏకాంతానికి ఇద్దరు రాయబారులను పిలుచుకునే హక్కు తనకుందని గుర్తుచేసి, గంధపుదీవినీ ఉప్పుదీవినీ తన వెంట పక్కగదికి రమ్మన్నాడు.

తలుపు మూయగానే ఆయన చెంగల్వ వైపు తిరిగాడు.

"ఎవరి కూతురివమ్మా?"

చెంగల్వ ఆయన కాళ్ళ మీద పడింది. మీసం ఒకవైపు ఊడి వేలాడింది. చిన్నప్పుడు తన తండ్రి తనను ఏడాదిపాటు ముద్రశాలలో కూర్చోబెట్టాడనీ, ఆ ఊపిరి చప్పుడు తనకు తెలుసుననీ రాజు చెప్పాడు. భయపడకుండా లక్కలో ఏం కలిసిందో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. మూడేళ్ళ కిందట మంత్రిగారు వచ్చి ముద్రలు రెట్టింపు కావాలన్నారు. అడవి నుంచి లక్క రెట్టింపు రాలేదు. ఇటుకపొడి కలిపితే రంగు అలాగే ఉంటుందన్నారు. రంగు అలాగే ఉంది. ఆమె చెప్పేటప్పుడు ఎవరి మీదా కోపం లేదు ఆ గొంతులో, అలసట తప్ప.

రాజు వరాళుడిని అడిగాడు, మా పరపతి తగ్గిందా, లేక మేము ఉన్నచోటే ఉంటే మీ దీవులు పెరిగాయా అని.

"ఒడ్డున నిలబడి చూసేవాడికి రెండూ ఒకలాగే కనబడతాయి మహారాజా" అన్నాడు వరాళుడు. "మాకు మీ మీద పగ లేదు. మొదటి ఏడు మీ మూట విప్పి చూసినప్పుడు మేమే సిగ్గుపడ్డాం. రెండో ఏడు సిగ్గు పోయింది. ఇప్పుడు విప్పడం అలవాటైపోయింది."

"మిగతా ఎనిమిది దీవులు?"

"నాకు తెలిసింది నా రేవు ఒక్కటే. వాళ్ళు కోపంతో రాలేదో, మరిచిపోయి రాలేదో నేను చెప్పలేను. ఏలినవారికి ఏది నయం?"

రాజు కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి రేవు కనబడుతోంది. అక్కడ ఒకప్పుడు తెరచాపల మధ్య నీళ్ళు కనిపించేవి కావు. ఇప్పుడు నీళ్ళ మధ్య ఎక్కడో ఒక తెరచాప.

"కోపమే నయం" అన్నాడు చివరికి. "కోపమైతే పోయి బతిమాలుకోవచ్చు."

చెంగల్వ ఆ మాటకు తల ఎత్తి ఆయన్ను చూసింది. డెబ్బై ఏళ్ళ రాజుకూ, ఇరవై ఏళ్ళ తనకూ ఒకే రకం భయం ఉంటుందని ఆమె అనుకోలేదు.

రాజు తన వేలి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద చిన్న శంఖం. గూట్లోంచి పాతకాలపు లక్కముద్ద ఒకటి తీసిచ్చాడు. ఏ కల్తీ లేనిది, తన తాత నాటిది. "మంత్రులను పంపితే అంతా బాగుందంటారు. గిట్టనివాళ్ళను పంపితే అంతా పోయిందంటారు. నువ్వు ఎనిమిది రేవులకూ పో తల్లీ. ఈ లక్కతో ముద్ర వేసి చూపించు. వాళ్ళు ఏమంటే అది, అన్నది అన్నట్టే వచ్చి చెప్పు. నాకు ఇంకేం అక్కర్లేదు."

"బిడ్డ లేకుండా నేను గడప దాటను దొరా" అంది చెంగల్వ.

ఏ బిడ్డ అని రాజు అడిగాడు. అప్పుడు గానీ పసివాళ్ళను దాచిన ఉయ్యాలశాల సంగతి ఆయనకు తెలియలేదు. తన కోటలో, తన పేరు మీద, తన ప్రజల పసిపిల్లలు తాకట్టులో ఉన్నారని తెలిసినప్పుడు ఆయన మొహం వంక చూడలేక వరాళుడు కిటికీ వైపు తిరిగాడు. రాజు గోడకున్న దంతపు నెమలి మెడ తిప్పాడు. గోడ పక్కకు జరిగి, కిందికి మెట్లు కనిపించాయి. ఉయ్యాలశాలకు అది దొంగదారి, కాని దారిలో కాపలా ఉంటుంది జాగ్రత్త అన్నాడు. వరాళుడి ఓడ ఆటునీటితో పాటు కదలాలి. ఎండ పడమటి బురుజు దాటిందంటే రేవు మూతికి ఇనుపగొలుసు ఎత్తేస్తారు, మళ్ళీ మర్నాడు పొద్దున దాకా దించరు. బలవంతాన పిల్లలను తేవడానికి తన మాట వినే భటులెందరో తనకే తెలియదన్నాడు రాజు. తను చేయగలిగింది ఒక్కటే. కొలువులోకి పోయి, ఉలూకభట్టుతో ఆ గిన్నెలో కనబడే ఓడలన్నిటినీ ఒక్కొక్కటిగా, పైకి, పేరుపేరునా లెక్కపెట్టించడం. ఆపితే అవి లేవని ఒప్పుకున్నట్టే. కాబట్టి ఆపడు.

వరాళుడు ఓడ సిద్ధం చేయడానికి రేవుకు బయలుదేరాడు. చెంగల్వ ఒక కాగడా తీసుకుని మెట్లలోకి దిగింది.

ఆ మెట్లు శంఖం చుట్లలా తిరుగుతూ తిరుగుతూ కిందికి పోతున్నాయి. గోడలకు సముద్రపు నాచు, అడుగున మోకాలి లోతు ఉప్పునీళ్ళు. మూడో చుట్టు తిరిగేసరికి చీకట్లో రెండు కళ్ళు, ఇత్తడి చెంబులంతవి, కదిలాయి. ఇనుపడెక్కల ఎండ్రకాయ. ఎద్దుబండంత ఉంది. ఒక డెక్క ఎత్తి టపామని మూసేసరికి చెంగల్వ తలకు పైనున్న రాయి పిండైంది. ఆమె పక్కకు దూకి, నడుముకు దోపుకున్న లక్కకడ్డీ తీసింది. ముద్రశాలది, పొద్దున అలవాటుగా దోపుకొచ్చింది. కాగడాకు కాల్చి, కరిగిన లక్కను దాని డెక్కకీలు మీద పోసింది. గడ్డకడితే డెక్క మూసుకుపోవాలి. కట్టింది. ఎండ్రకాయ ఒకసారి విదిలించింది. ఇటుకపొడి జలజలా నీళ్ళలో రాలింది, డెక్క మళ్ళీ తెరుచుకుంది.

ఆ లక్క కలిపింది తనే. ఆ సంగతి తలుచుకునే తీరిక కూడా లేదు. నడుములో తాతల నాటి లక్కముద్ద ఉంది, కాని అది ఎనిమిది రేవులకు. ఎండ్రకాయ రెండో డెక్క అంగీ చెరుగు పట్టి చింపేసింది. చెంగల్వ తలపాగా ఊడదీసి, ఒక కొస పళ్ళతో పట్టి, పన్నెండు మూరల పట్టూ విసిరి దాని కళ్ళకు చుట్టుకుపోయేలా కొట్టింది. కళ్ళు కట్టిన ఎండ్రకాయ తనను తానే డెక్కలతో పొడుచుకుంటూ గిరగిరా తిరిగింది. ఆమె దాని వీపు మీదుగా పాకి, అవతల మెట్లెక్కి, పైనున్న పలక నెట్టింది.

వెలుతురు. పాలవాసన. కాచిన వాము నీళ్ళ వాసన.

ఉయ్యాలశాల అందంగానే ఉంది, అదే ఆమెకు కంపరమెత్తించింది. అద్దాల మీద అద్దాలు పొదిగిన కప్పు, గంధపుచెక్క ఉయ్యాలలు రెండు వరసల్లో నలభై, ఒక్కోదానికి పైన చిలకల పందిరి. ఒక ముసలి దాది మధ్యలో పీట వేసుకుని కూర్చుని పాలగిన్నె కలుపుతోంది. ఒకసారి కన్నార్పిందే తప్ప ఏమీ ఆశ్చర్యపడలేదు. చింపిరి అంగీ, సగం మీసం, తడిసిన మనిషి నేలలోంచి రావడం చూసి, "నువ్వూ తల్లివేనా? ఇక్కడంతా ఆడపిల్లలే, మగపిల్లలు పక్కశాలలో ఉన్నారు" అంది.

చెంగల్వ మొదటి ఉయ్యాలలోకి తొంగి చూసింది. మువ్వ కాదు. రెండోది చూసింది. అదే మొహం. మూడోదీ అదే. నలభై ఉయ్యాలల్లో నలభై మంది, ఒకే ముక్కు, ఒకే నుదురు, ఒకే చోట పుట్టుమచ్చ. ఒకరు ఏడిస్తే ఆ గొంతే, ఇంకొకరు ఏడిస్తే ఆ గొంతే.

తల్లులు దొంగచాటుగా ఎత్తుకుపోకుండా ఉలూకభట్టు మంత్రంతో అందరికీ ఒకే మూస పోశాడని దాది చెప్పింది. పండుగయ్యాక తీస్తాడట. ఆమె ఒళ్ళు విరుచుకుంది. "నా గోస ఎవరు వింటారు. ఎవరికి పాలు పట్టానో ఎవరికి పట్టలేదో తెలియక, పట్టినవాళ్ళ చేతికి పసుపుదారం కడుతున్నా. దారం అయిపోవచ్చింది."

చెంగల్వ మధ్యలో నిలబడిపోయింది. బిడ్డ తనను మరిచిపోతుందేమోనని మూడు రోజులు ఏడ్చిన మనిషి, ఇప్పుడు బిడ్డ ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేకపోతోంది. ప్రతి ఉయ్యాలలోకీ ఒంగి చూసింది. ప్రతి పిల్లా ఆమెను పరాయిదాన్ని చూసినట్టే చూసింది.

అప్పుడు తోచింది. ముద్రశాలలో పనిచేసే తల్లులు పిల్లలను పక్కనే దూలానికి గుడ్డఉయ్యాల కట్టి పడుకోబెట్టుకుంటారు. పుట్టిన పదకొండో రోజు నుంచీ ఆ పిల్లలు వినే చప్పుడు ఒకటే. ఆమె రాజుగారి ఉంగరం నోటి దగ్గర పెట్టింది.

"హా." ఉయ్యాల కర్ర మీద వేలికణుపుతో, "టక్."

ఎడమవరసలో ఒక పిల్ల ఏడుపు ఆపి బోసినోటితో నవ్వింది. చెంగల్వ ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి ఎత్తుకోబోయింది. అంతలో కుడివరసలో ఇంకో పిల్ల కిలకిలమంది. దాని వెనక మరొకతి కాళ్ళు ఆడించింది. తలుపు దగ్గర నాలుగోది చేతులు చాచింది.

ఇది ఆమె ఆలోచించని సంగతి. ముద్రశాల పిల్ల తన పిల్ల ఒక్కతే కాదు.

దాది పకాలున నవ్వి, ఏది నీదమ్మా అంది. ఏది అని చెప్పడం? మళ్ళీ "హా, టక్" అంటే మళ్ళీ ఆ నలుగురూ నవ్వుతున్నారు. ఒకరికన్నా ఒకరు ఎక్కువగా నవ్వడం లేదు. పాలిచ్చి చూద్దామంటే, మూడు రోజుల గడ్డ, ఏ పిల్ల నోరు పెట్టినా పొంగుతుంది.

పైన కిటికీ చువ్వల మధ్య బూడిదరంగు రెక్కలు కొట్టుకున్నాయి. ఉలూకభట్టు కొలువులో ఓడలు లెక్కపెడుతున్నాడు గానీ అతని గుడ్లగూబకు ఆ లెక్కతో పని లేదు. పగటి వెలుగులో చూపు ఆనక ఒకసారి చువ్వకు గుద్దుకుని, మళ్ళీ లేచి, చెవులు చిల్లులు పడేలా అరిచింది. బయట నడవలో భటుల జోళ్ళ చప్పుడు మొదలైంది.

చెంగల్వ ఇంక ఆలోచించలేదు. అంగీ విప్పి నేల మీద పరిచి, నలుగురినీ అందులో వేసింది. మిగతా ముప్పై ఆరుగురి వైపు చూడకుండా ఉండడానికి కళ్ళు మూసుకుని మూట ముడి వేసింది. దాది లేచి తలుపుకు గడియ పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియాలి. పిల్లల మురికిగుడ్డలు కిందికి జారవిడిచే రాతితూము ఒక మూలన ఉందని వేలు చూపించి, అది చాకిరేవుకు పోతుంది, తల కాపాడుకో అంది.

తలుపు మీద గొడ్డలి పడింది. గుడ్లగూబ దిగి చెంగల్వ భుజం చీరింది. ఆమె మూట గుండెకు అదుముకుని, తూములోకి కాళ్ళు పెట్టి జారింది. సర్రున పాములా మెలికలు తిరిగిన ఆ రాతిగొంతులో పడి, కుంకుడుకాయ నురుగులోంచి, తడిగుడ్డల గుట్ట మీదకి దభీమని దిగింది. నలుగురూ ఒక్కసారి ఏడ్చారు. ఏడిస్తే బతికున్నట్టే. చాకిరేవు పక్కనే వరాళుడి ఓడ తాడు విప్పి సిద్ధంగా ఉంది. అతను కుంటికాలు లాక్కుంటూ వచ్చి మూట అందుకుని, ఒక్క పిల్ల అన్నావు గదా అని ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఓడ ఆటునీటి మీద కదిలింది. బాణాలు రెండు తెరచాపను చింపాయి, మూడోది నీళ్ళలో పడింది. రేవు మూతి దాటేసరికి ఎండ పడమటి బురుజు దాటింది. వెనక ఇనుపగొలుసు గలగలా లేచి, నీళ్ళు కారుస్తూ, రేవును మూసేసింది. దూరాన కొలువుకూటం కిటికీల్లోంచి ఒక గొంతు గాలిమీద తేలి వచ్చింది. నాలుగు వందల పదిహేడు, నాలుగు వందల పద్దెనిమిది. ఉలూకభట్టు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు.

చెంగల్వ తాళ్ళ చుట్ట మీద కూర్చుని పిల్లలను ఒళ్ళో వేసుకుంది. ఒకరి తరవాత ఒకరికి పాలిచ్చింది. మూడు రోజుల నొప్పి దిగుతుంటే కళ్ళు మూతలు పడ్డాయి. ఏ పిల్ల నాదైనా నాదగ్గరే ఉంది, మూస ఎప్పుడో ఒకప్పుడు కరుగుతుంది, అప్పుడు తెలుస్తుంది అనుకుంది. వరాళుడు చుక్కాని పట్టుకుని, ఈ పసివాళ్ళ తల్లులెవరని అడిగాడు. ఆమె నిద్రమత్తులోనే ముద్రశాల దూలం తలుచుకుంటూ చెప్పసాగింది. ఓబులక్క మనవరాలి ఉయ్యాల. దాని పక్కన గున్నమ్మ కూతురిది. ఆ పక్కన రేలమ్మ కూతురిది. తలుపు దగ్గర పేరిందేవి కూతురిది. కిటికీ దగ్గర, గాలి తగిలేచోట, మువ్వది.

చెప్పడం ఆగిపోయింది. ఒళ్ళో ఉన్నవాళ్ళను చూసుకుంది. నలుగురు. దూలానికి ఉయ్యాలలు ఐదు.

ఒక పిల్ల నవ్వలేదు. నవ్వని పిల్ల నిద్రపోతూ ఉండాలి. మువ్వ మధ్యాహ్నం పాలు తాగి పడుకుందంటే నెత్తిన పిడుగు పడ్డా లేవదు.

చెంగల్వ ఓడ అంచు మీదికి లేచింది. వరాళుడు చుక్కాని వదిలేసి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. గొలుసు మూసేశారమ్మా అన్నాడు. ఆటునీరు ఓడను లాగేస్తోంది, ఈదలేవు, ఈదినా రేవు మూతి దగ్గర విలుకాళ్ళున్నారు, ఒళ్ళో నలుగురున్నారు అన్నాడు. నిద్రపోయింది వేరే పిల్లేమో, నీది ఈ నలుగురిలోనే ఉందేమో అని కూడా అన్నాడు. ఉండొచ్చు. ఆమె ఒక్కొక్క మొహం ఎత్తి చూసింది. నాలుగూ ఒకటే మొహం. నాలుగు జతల కళ్ళూ ఆమెను చూసి నవ్వాయి.

ఆ ఓడ ఇప్పుడు గంధపుదీవి వైపు పోతోంది. వెనక్కి తిరిగే దారి రేపు పొద్దున దాకా లేదు. కాబట్టి మీరెవరైనా ఈలోగా శంఖవరం వైపు వెళితే, చదువుతున్నవాళ్ళు ఎవరైనా సరే, కోట పడమటి మూలన ఉయ్యాలశాల ఉంటుంది, తలుపు విరిగి ఉంటుంది. లోపల ఏదో ఒక ఉయ్యాలలో ఒక పిల్ల ఇప్పుడిప్పుడే నిద్ర లేస్తూ ఉంటుంది. అది లేచే వేళైంది. లేవగానే ఎవరూ కనబడకపోతే పెదవి విరుస్తుంది. ఒక్కసారి వెళ్ళి చూడండి. చేతికి పసుపుదారం ఉందో లేదో చూడండి, పాలు తాగిందో లేదో అడగండి.